జెండా గుడ్డతో కొలిచిన నాలుగో కుర్చీ

ఈ కథ చివర ఎవరూ బాగుపడరు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఇందులో ఒక ఖాళీ కుర్చీ ఉంది, ఒక పొరుగు రాష్ట్రం మనిషి ఉన్నాడు, కేబుల్ కనెక్షన్ ఉన్న జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి జనం కళ్లముందు నా ఇంజినీరింగ్ చదువు మొత్తం కూలిపోవడం ఉంది. నవ్వొస్తే మొహమాటం లేకుండా నవ్వండి. నేను మాత్రం వంకాయ రంగు గుడ్డ ఎక్కడ కనిపించినా ఇప్పటికీ దారి మార్చుకుంటాను. ఆ మధ్య పెళ్లిలో ఒకావిడ ఆ రంగు పట్టుచీర కట్టుకొస్తే భోజనం చేయకుండా వచ్చేశాను.

అప్పుడు నేను జగిత్యాలలో ఒక లోకల్ కేబుల్ ఛానల్లో టెక్నికల్ ఇన్‌ఛార్జిని. పేరు వింటే ఉపగ్రహాలు ఎగరేస్తాననుకుంటారు. నిజానికి నా పనులు ఇవి: మైకుల వైర్లు ఎవరూ తొక్కకుండా చూడడం, కెమెరా బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టడం, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌ని బతిమాలడం. మా స్టూడియో ఒక టెంట్ హౌస్ మీది అంతస్తులో ఉండేది. పెళ్లిళ్ల సీజన్లో కింద కుర్చీలు లారీకి ఎక్కిస్తుంటే ఆ చప్పుడు వార్తల్లో వినపడేది. వార్తలు చదివేది, ప్రకటనలు తెచ్చేది, చర్చలు నడిపేది, నన్ను తిట్టేది అన్నీ ఒక్కరే, ఓనర్ గంగాధర్ సార్.

అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ ఛానళ్లను చూసి సార్‌కు కూడా చర్చాగోష్ఠి పెట్టాలన్న కోరిక పుట్టింది. అందుకని అర్ధచంద్రాకారంలో ఒక బల్ల చేయించాం. దాని డిజైన్ నాదే. నాలుగు కుర్చీలకు సరిపడా కొలతలు, నాలుగు మైకులకు నాలుగు కన్నాలు, వైర్లు కిందినుంచి కనపడకుండా పోవడానికి గొట్టం. ఆ బల్లను చూసి నేను పడ్డ గర్వం కన్నబిడ్డను చూసి కూడా ఎవరూ పడి ఉండరు. మీరు ఈ బల్లను గుర్తుపెట్టుకోవాలి. జరిగిన అనర్థంలో సగం దీనిది, సగం నాది.

కుర్చీలు నాలుగు. మూడు ఎవరివో ఎవరికీ అనుమానం లేదు. రెండు జాతీయ పార్టీలు, ఒక రాష్ట్ర పార్టీ. పేర్లు చెప్పను, మీ ఇంటి గోడ మీద ఉండే ఉంటాయి. గొడవంతా నాలుగో కుర్చీ గురించి. పసుపు రైతుల పేరుతో ఒక పార్టీ, బీడీ కార్మికుల పేరుతో ఒకటి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు పెట్టిన 'మన గడ్డ పార్టీ' ఇంకొకటి, ఆపైన ఎవరి మాటా వినని స్వతంత్రులు. అందరూ పొద్దున లేవగానే గంగాధర్ సార్‌కు ఫోన్ చేసేవాళ్లు.

"ఢిల్లీ పార్టీలకు రెండు కుర్చీలేసి, గీ మట్టిల పుట్టినోళ్లకు నిలవడ జాగ లేదంటే ఎట్ల సార్? మా ముచ్చట మేం చెప్పకుంటె వాళ్లు చెప్తరా?" అని చిన్న పార్టీవాళ్లు.

"గల్లికో పార్టీని పిలిస్తే అది చర్చ గాదు సార్, అంగడి. వాళ్లుంటే మేం రాము" అని పెద్ద పార్టీవాళ్లు.

రెండూ న్యాయంగానే వినిపించేవి. అదే వచ్చిన చిక్కు. సార్ ఒకరోజు ఫోన్ బోర్లించి నన్ను పిలిచారు.

"శ్రీకాంత్, నువ్వు బీటెక్ గదా?"

"అవును సార్."

"అయితే ఏదన్న ఒక లెక్క చెప్పు. గా నాలుగో కుర్చీ ఎవనికిచ్చినా, మిగిలినోళ్లు నన్ను తిట్టొద్దు. లెక్కను తిట్టుకోవాలె."

నా జీవితంలో నన్ను ఎవరైనా చదువు గురించి అడగడం అదే మొదటిసారి. నేను ఉబ్బిపోయాను. ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా ఆలోచించాను. పోయినసారి వచ్చిన ఓట్లను బట్టి ఇద్దామంటే, కొత్త పార్టీలకు పోయినసారే లేదు. ఫోన్లో పార్టీని ఎంతమంది ఫాలో అవుతున్నారో చూద్దామంటే, ఆ జనం అద్దెకు దొరుకుతారు. సభకు వచ్చినవాళ్లను లెక్కపెడదామంటే, పొద్దున ఒకరి సభలో చప్పట్లు కొట్టినవాళ్లే సాయంత్రం ఇంకొకరి సభలో బిర్యానీ పొట్లం పట్టుకుని కనిపిస్తారు.

అప్పుడు నా బుర్రలో వెలిగింది, సిరిసిల్ల.

సిరిసిల్ల గురించి తెలియనివాళ్లకు చెబుతున్నాను. అక్కడ ఇంటింటా మరమగ్గాలు, వాళ్లు వాటిని సాంచాలంటారు. ఎన్నికలొచ్చాయంటే చీరలు పక్కనపెట్టి జెండాలు, కండువాల గుడ్డ నేస్తారు. ఒకే గోడకు అటువైపు ఒక పార్టీ రంగు, ఇటువైపు దాని శత్రువు రంగు. జెండా గుడ్డ అబద్ధం చెప్పదు, అని నేను తేల్చాను. పట్టుకునే చేతులు లేకుండా ఎవడూ జెండా నేయించడు. కాబట్టి ఎవరు ఎక్కువ మీటర్లు నేయిస్తే వాళ్లకే బలం ఎక్కువ. మూడు పెద్ద పార్టీల తర్వాత ఎవరి గుడ్డ ఎక్కువ ఉంటే నాలుగో కుర్చీ వాళ్లది.

చూశారా, ఎంత శాస్త్రీయంగా ఉందో. ఇంత శాస్త్రీయంగా మోసపోవాలంటే మామూలు మనిషి వల్ల కాదు. కాలేజీ ఫీజు కట్టి ఉండాలి.

నేను బయలుదేరే ముందురోజు భూలక్ష్మక్క స్టూడియోకు వచ్చింది. ఆమె కోరుట్లలో మా గల్లీలోనే ఉంటుంది. బీడీలు చుడుతుంది. ఆమె భర్త రాజేశం బావ గల్ఫ్‌లో డ్రైవరుగా పోయి, అక్కడ ఏదో ప్రమాదం కేసులో జైలు పాలయ్యాడు. తప్పు ఆయనది కాదని తోటి డ్రైవర్లందరూ చెబుతున్నారు. చెప్పాల్సిన చోట చెప్పేవాళ్లు లేరు. ఇక్కడినుంచి ఎమ్మెల్యే స్థాయి మనిషి గట్టిగా పట్టుకుంటే తప్ప ఫైలు కదలదని ఎవరో చెప్పారు. భూలక్ష్మక్క పాత ఎమ్మెల్యే ఇంటిచుట్టూ తిరిగింది. తర్వాత మన గడ్డ పార్టీ వాళ్లు అడగగానే కోరుట్లలో పోటీకి నిలబడింది.

"గెలుస్తననుకుంటున్నవా అక్కా?" అని అడిగాను.

"నేనెందుకు గెలుస్త తమ్మీ. మా ఆడిబిడ్డే నాకు ఓటెయ్యది."

"మరి ఎందుకు నిలబడ్డవు?"

"నీ కుర్చీ కోసం." బొడ్లో దోపుకున్న సంచిలోంచి రాజేశం బావ ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. "చూడు. కోరుట్లల గెలిచేటోడు గా ముగ్గుర్లనే ఒకడు గదా. నేను వాళ్ల పక్కన కూసోని, నువ్వు గెలిస్తె మా ఆయన సంగతి పట్టుకుంటవా అని ముగ్గుర్ని అడుగుత. టీవీల, అందరి ముంగట, కాదని ఎవడంటడు? ముగ్గురు ఊకొడ్తరు. రేపు గెలిచినోని ఇంటికి పోయి, నువ్వు ఊకొట్టినవు గదా అంట. గంతే. ఒక్క మాట అడిగి లేస్త."

నేను ఇప్పటివరకు చూసిన ఎన్నికల వ్యూహాల్లో అంత తెలివైనది లేదు. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేనేమన్నానో వినండి.

"అక్కా, అట్ల మనకు తెలిసినోళ్లని కూసోవెడితే పక్షపాతం అయితది. ఒక ప్రమాణం తయారు చేస్తున్న. అందరికీ ఒకటే."

"గా ప్రమాణంల నేను వస్తనా?"

"అర్హత ఉంటే తప్పకుండా వస్తవు."

ఆమె నా వైపు ఒక క్షణం చూసింది. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో పడి జొన్నరొట్టె తిన్నవాడు అర్హత అనే మాట ఎక్కడ నేర్చుకున్నాడా అని చూసినట్టుంది. ఫోటో సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

సిరిసిల్లలో అంబదాసు సేటు కార్ఖానాకు వెళ్లాను. సాంచాల చప్పుడులో మాట్లాడాలంటే ఒకరి చెవిలో ఒకరు అరవాలి. ఊళ్లో ఎవరెవరి గుడ్డ ఎంత నేస్తున్నారో ఆయనకు తెలియనిది లేదు. మూడు పెద్ద పార్టీల లెక్కలు చెప్పాడు. అందులో ఆశ్చర్యం లేదు. ఇంకో గదిలోకి తొంగిచూస్తే నేలనుంచి కప్పుదాకా వంకాయ రంగు గుడ్డ బేళ్లు పేర్చి ఉన్నాయి. మధ్యన తెల్లటి కొండ బొమ్మ, కింద హిందీ అక్షరాల్లో పేరు.

"ఇదేం పార్టీ సేటూ?"

"ఆప్లీ మాతీ అంటరు. నాలుగు కార్ఖానాలకు పనిచ్చిన్రు. మీ పెద్ద పార్టీల ఒకదానికంటె గిదే ఎక్కువున్నది తమ్మీ."

ఏ విలేకరికీ తెలియని నిజాన్ని నేను బేళ్ల రూపంలో పట్టుకున్నాను. గుడ్డ పన్నా చూశాను. నేత దిట్టంగా ఉందా అని వెలుతురుకు పెట్టి చూశాను. రంగు పోతుందేమోనని తడి వేలితో రుద్ది చూశాను. ఒక్కటి మాత్రం అడగలేదు. ఈ గుడ్డ ఏ ఊరికి పోతుందని. సేటు చెప్పలేదా అంటే, నేను అడగందే ఆయన ఎందుకు చెబుతాడు? ఆయన దృష్టిలో నేను గుడ్డ కొనడానికి వచ్చినవాణ్ని.

"మన గడ్డ పార్టీది ఎంతుంది సేటూ?" అని చివర్లో అడిగాను.

"అదేంది? ఆ పేరే ఇన్లే."

అంటే సున్నా. నా లెక్కలో భూలక్ష్మక్క బలం సున్నా మీటర్లు.

ఆప్లీ మాతీ మనిషి సరుకు ఎత్తించుకోవడానికి సిరిసిల్లలోనే లాడ్జిలో దిగాడని సేటు నంబర్ ఇచ్చాడు. ఆయన పేరు విఠల్ రావు. ఫోన్ చేశాను. ఆయనది మరాఠీ పోపు పెట్టిన హిందీ, నాది సినిమాలు చూసి నేర్చిన హిందీ. మీ సౌకర్యం కోసం రెండూ తెలుగులో రాస్తున్నాను.

"సాబ్, మా టీవీలో మీ పార్టీకి కుర్చీ ఇస్తున్నాం."

"కుర్చీనా? ఎందుకు?"

"మీ పార్టీ అర్హత సాధించింది సాబ్. జెండాలను బట్టి."

"మీ దగ్గర జెండాలు కొన్నవాళ్లకు సన్మానం చేస్తారా?"

నేను అది వినయం అనుకున్నాను. "మీరు రావాలి సాబ్. కారు పంపిస్తాం. భోజనం మాదే."

"లాడ్జిలో ఫ్యాను చూసి చూసి విసుగొచ్చింది. వస్తాను" అన్నాడాయన.

సార్‌కు చెబితే మొహం చిట్లించారు. "గీ పార్టీ పేరు నేనెన్నడు ఇన్లే శ్రీకాంత్."

"మీరు వినలేదు కాబట్టే లెక్క అవసరమైంది సార్."

సార్‌కు ఆ జవాబు చాలా నచ్చింది. నాకైతే ఇంకా ఎక్కువ నచ్చింది. విఠల్ రావు తెలుగు మాట్లాడడేమోనని సార్ అంటే, మెట్‌పల్లి వ్యాపారుల్లో సగంమంది ఇంట్లో ఏ భాష మాట్లాడతారో మనకు తెలుసా అని నోరు మూయించాను. ఆపైన నియమాలు రాసి మూడు పెద్ద పార్టీలకూ పంపాను. వాటిలో ముఖ్యమైనది ఇది: అర్హత ద్వారా కేటాయించిన కుర్చీలో మరెవరూ కూర్చోరాదు, మధ్యలో మార్పులు లేవు. పెద్ద పార్టీలు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాయి. వాళ్ల మీటర్లు వాళ్లకున్నాయి మరి.

భూలక్ష్మక్కకు నేనే ఫోన్ చేసి చెప్పాను. దాచడం నాకిష్టం లేదు. పారదర్శకత.

"అక్కా, సిరిసిల్లల మీ జెండాలు ఒక్క మీటరు గూడ లెవ్వు."

"మా జెండాలు మేం పాత లంగ గుడ్డలతోటి కుట్టుకున్నం తమ్మీ. సిరిసిల్ల దాక ఎందుకు?"

"అదే అక్కా. అది లెక్కలకు రాదు."

"లంగ గుడ్డ గుడ్డ గాదా?"

సిగ్నల్ సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశాను.

చర్చ రోజు వచ్చింది. ప్రత్యక్ష ప్రసారం. బల్ల మీద నాలుగు చిన్న జెండాలు, ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, స్కేలు పెట్టి కత్తిరించినవి. కోరుట్లలో పోటీచేస్తున్న ముగ్గురు నాయకులు ఇస్త్రీ చేసిన ఖద్దరులో వచ్చారు. విఠల్ రావు తెల్ల టోపీ పెట్టుకుని వచ్చి, బల్లను చెయ్యితో తడిమి బాగుందన్నాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. ఎదురుగా ప్రేక్షకుల కోసం వేసిన బెంచీల్లో ముందు వరసలో భూలక్ష్మక్క కూర్చుంది. ఒళ్లో సంచి, సంచి మీద ఫోటో. కుర్చీ రాకపోయినా ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. నేను అద్దం వెనక మైకుల మిక్సర్ దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. సార్ చెవిలో చిన్న ఇయర్‌పీస్. నేను ఇక్కడ మాట్లాడితే ఆయనకు అక్కడ వినపడుతుంది.

సార్ మొదటి ప్రశ్న ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మీద వేశారు. మా దగ్గర ఏ ఎన్నికకైనా అదే మొదటి ప్రశ్న. ముగ్గురూ మేమొస్తే తెరిపిస్తామన్నారు. నాలుగో కుర్చీ వైపు తిరిగి సార్ హిందీలో అడిగారు.

"చక్కెర ఫ్యాక్టరీ మీద మీ పార్టీ వైఖరి ఏంటి?"

"మా ఫ్యాక్టరీ బాగా నడుస్తోంది సాబ్" అన్నాడు విఠల్ రావు. "పక్క తాలూకాలో ఇంకోటి పెట్టాం."

స్టూడియోలో చప్పట్లు మోగాయి. చెరకు రైతులు ఇద్దరు లేచి నిలబడి కొట్టారు. ఇన్నేళ్ల తర్వాత ఒక పార్టీ ఫ్యాక్టరీని నడుపుతున్నానని చెప్పింది. నేను మిక్సర్ మీద చెయ్యి వేసి, నా లెక్క ఎంత గొప్పదో చూడండని గాజు అద్దానికి చెప్పుకున్నాను.

రాష్ట్ర పార్టీ నాయకుడికి అనుమానం వచ్చింది. "ఏ ఫ్యాక్టరీ? యాడున్నది?"

"మా ఊళ్లో."

"మీ ఊరేది?"

"నాందేడ్ దాటి ఇంకా లోపలికి."

"మరి మీరు ఈడ ఏ సీటుకు నిలవడ్డరు?"

విఠల్ రావు నవ్వాడు. "ఇక్కడ మేమెందుకు నిలబడతాం సాబ్? మావి మా రాష్ట్రంలో ఎన్నికలు. ఆప్లీ మాతీ అంటే మన మట్టి. మా నేల, మా భాష అని పెట్టుకున్న పార్టీ. జెండా గుడ్డ ఇక్కడ నేత మంచిదని వచ్చాను. ఆ అద్దం వెనక కుర్రవాడు ఫోన్ చేసి నాకు కుర్చీ ఇస్తానన్నాడు."

గంగాధర్ సార్ అద్దంలోంచి నన్ను చూశారు. ఆ చూపును నేను వర్ణించను. మీ ఇంటి ముందునుంచి గ్యాస్ సిలిండర్ బండి వెళ్లిపోయిన తర్వాత మీరు బయటికి వచ్చినప్పుడు దాని వెనక వైపు చూసే చూపును పదింతలు చేసుకోండి.

ఇక మొదలైంది. ఒక జాతీయ పార్టీ నాయకుడు బల్ల గుద్దాడు. నా మైకు కన్నం అదిరింది. "పొరుగు రాష్ట్రం పార్టీని తెచ్చి మా పక్కన కూసోవెడ్తరా? గిది కుట్ర." రెండో జాతీయ పార్టీ నాయకుడు, ఆ కుట్ర మొదటి పార్టీదేనన్నాడు. రాష్ట్ర పార్టీ నాయకుడు ఇద్దరూ కలిసి చేశారన్నాడు. ముగ్గురి మైకులూ ఒకేసారి కీచుమన్నాయి.

ఆ రభసలో విఠల్ రావు ఒక్కడే నెమ్మదిగా లేచాడు. కుర్చీని వెనక్కి జరిపి, ముందు వరస వైపు చెయ్యి చూపించాడు.

"తప్పు జరిగింది. ఈ కుర్చీ నాది కాదు. ఆ అమ్మ ఇందాకటినుంచి ఎవరిదో ఫోటో పట్టుకుని ఈ కుర్చీనే చూస్తోంది. ఆమెను కూర్చోబెట్టండి."

భూలక్ష్మక్క సగం లేచింది. సంచి కిందపడింది, ఫోటో చేతిలో ఉంది. గంగాధర్ సార్ కూడా సరేనన్నట్టు తల ఊపబోయారు. ఇంకొక్క క్షణం ఆగితే ఆమె కూర్చునేది. అడగాల్సింది అడిగేది. ముగ్గురూ ఊకొట్టేవాళ్లు.

అప్పుడు సార్ చెవిలో ఒక గొంతు పలికింది. "సార్, రూల్ ఒప్పుకోదు. కేటాయించిన కుర్చీలో మరెవరూ కూర్చోరాదు. మూడు పార్టీలూ ఒప్పుకున్నాయి."

ఆ గొంతు నాదే. పరువు పోయాక మనిషికి మిగిలేది రూల్ ఒక్కటే. నేను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"రూల్ ఒప్పుకోదట" అన్నారు సార్, ఎందుకంటున్నారో తెలియని మనిషిలా.

అప్పటిదాకా కొట్టుకుంటున్న ముగ్గురు నాయకులు ఒకేసారి తలూపారు. "అవును, రూల్ రూలే." ఆ రోజంతటికీ వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చిన అంశం అదొక్కటే. భూలక్ష్మక్క మళ్లీ కూర్చుంది. విఠల్ రావు ఆమె పక్కన బెంచీలో సర్దుకున్నాడు. వంకాయ రంగు జెండా ముందు ఖాళీ కుర్చీ చివరిదాకా అలాగే ఉండిపోయింది. నాలుగో కెమెరా దానికోసమే పెట్టాను కాబట్టి, క్రమం ప్రకారం ప్రతిసారీ తెర మీదికి అదీ వచ్చిపోయింది. ఆటోమేటిక్. అది కూడా నా డిజైనే.

అయిపోయాక మెట్లు దిగి చూస్తే ఆమె టెంట్ హౌస్ ముందు నిలబడి ఉంది. విఠల్ రావు ఆమె చేతిలోని ఫోటోను తన ఫోనులో తీసుకుంటున్నాడు. ఆమె తెలుగులో చెబుతోంది, ఆయన మరాఠీలో అడుగుతున్నాడు, మధ్యలో టెంట్ హౌస్ ఖాసిం భాయ్ ఉర్దూలో అటూ ఇటూ అందిస్తున్నాడు. నన్ను చూసి ఆమె ఏమీ తిట్టలేదు.

"కోరుట్ల బస్సు పోయిందా తమ్మీ?" అని మాత్రం అడిగింది.

గంగాధర్ సార్ మైకు వైరు చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. "శ్రీకాంత్, రేపటిసంది నువ్వు ఆలోచన చెయ్యకు. వైర్లు కలుపు."

ఫలితాలొచ్చాయి. ఆ ముగ్గురిలో ఒకాయన గెలిచాడు. భూలక్ష్మక్క చెప్పిన లెక్క తప్పలేదు. ఆమె ఫోటో పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లిందట. పూలదండలు తీసుకోవడంలో తీరికలేని ఆయన ఆమెను చూసి, "చూద్దాం అమ్మా. నీకు నేనేమన్న మాటిచ్చిన్నా?" అన్నాడట.

"ఇయ్యలే సారూ" అందట ఆమె. "నన్ను ఇప్పిచ్చుకోనియ్యలే."

కొన్నాళ్లకు విఠల్ రావు నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల ఊరి ఎన్నికల్లో ఆయనే అభ్యర్థి అయ్యాడు. వాళ్ల దగ్గరా ఒక లోకల్ ఛానల్, అక్కడా చర్చ, ఆయనకూ ఒక కుర్చీ. ఆయన తన సమయంలో కోరుట్ల రాజేశం ఫోటో పైకెత్తి, గల్ఫ్ జైళ్లలో మనవాళ్లూ ఉన్నారు, పక్క రాష్ట్రంవాళ్లూ ఉన్నారు, అందరం కలిసి అడుగుదామని మొదలుపెట్టాడట.

"మరి?" అన్నాను. నా గొంతులో ఆశ పుట్టింది.

"మైకు కట్ చేశారు. మన రాష్ట్రం విషయాలే మాట్లాడాలని వాళ్లకేదో రూల్ ఉందట. అద్దం వెనక ఒక కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. చూస్తే నువ్వే గుర్తొచ్చావు."

ఆ సంగతి చెప్పడానికి కోరుట్ల వెళ్లాను. భూలక్ష్మక్క వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను చెప్పినదంతా వింది. తునికాకు కత్తిరిస్తూనే ఉంది.

"పాపం మంచోడు. రాజేశంను ఎరగకున్నా అడిగిండు" అంది. ఆకులో పొగాకు పోసి, "నిన్నొకటి అడుగుదమనుకున్న తమ్మీ. మళ్లెప్పుడు కనవడ్తవో."

"అడుగక్కా." శిక్ష ఏదైనా సరే అనుకున్నాను.

"మీ స్టూడియో కింద టెంట్ హౌస్ ఉన్నది గదా."

"ఉన్నది."

"పెళ్లికి ఊరందరికి సరిపోయె కుర్చీలున్నయి ఆడ. నేను బస్సు కోసం నిలవడ్డప్పుడు చూసిన. ఒక దానిమీద ఒకటి, కప్పుదాక." బీడీకి దారం చుట్టి ముడి వేసింది. "ఇంకో కుర్చీ మీదికి దెచ్చి ఏస్తె అయిపోవు గదా?"

నేను నోరు తెరిచాను. బల్లకు నాలుగే కన్నాలున్నాయని చెప్పబోయాను. ఆ మాట నా చెవులకు వినపడేలోపే నోరు మూసుకున్నాను. ఆమె ఇంకో ఆకు తీసుకుంది. రాజేశం బావ ఫోటో గోడకు మేకుకు వేలాడుతోంది. ఆయన ఇప్పటికీ ఆ గల్ఫ్ జైల్లోనే ఉన్నాడు. ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

కాబట్టి ఖాసిం భాయ్ టెంట్ హౌస్ మెట్ల మీద నిలబడి, కుడిచెయ్యి మా ఇన్వర్టర్ మీద పెట్టి, దాంట్లో మిగిలిన కాస్త ఛార్జింగ్ సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మనుషుల బలాన్ని గుడ్డతో కొలవను. కొలవక తప్పకపోతే లంగ గుడ్డను కూడా గుడ్డగానే లెక్కిస్తాను. చిన్న పార్టీ, పెద్ద పార్టీ, మన నేల, పక్క నేల అన్న తగవు వచ్చిన ప్రతిసారీ లెక్క కట్టేముందు ఒకసారి కిందికి దిగి కుర్చీలున్నాయేమో చూస్తాను. బల్లకు ఐదో కన్నం పెట్టడం కుదరదని వడ్రంగి చెప్పాడు. పరవాలేదు. వచ్చే ఎన్నికలకు భూలక్ష్మక్క వచ్చి కూర్చున్నప్పుడు, ఆమె అడగాల్సింది అడిగి లేచేదాకా, ఆ మైకును నేనే చేత్తో పట్టుకుని నిలబడతాను.